కాంతమణి టీచరు తన క్లాసు తానే విన్న రోజు

రాంగోపాల్‌పేట్‌లో ఆ చిన్న ప్రైవేటు స్కూలు మేడ మీంచి వచ్చే పిల్లల గోల ఒక్కసారిగా ఆగిపోయిందంటే, లెక్కల పీరియడ్ మొదలైందని కింద జిరాక్స్ షాపులో వాళ్ళకి కూడా తెలుసు. కాంతమణి టీచరు మెట్లెక్కుతున్న చెప్పుల చప్పుడుకే పిల్లలు పుస్తకాలు తీసి సర్దుకునేవాళ్ళు. ఇరవై నాలుగేళ్ళుగా ఆమె ఆ ఒక్క బడిలోనే లెక్కలు చెబుతోంది. భర్త సూరికి బేగంపేటలో ఒక హోటల్ స్టోర్స్‌లో ఉద్యోగం దొరికినప్పుడు, బొబ్బిలి దగ్గర ఊరి నుంచి రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకుని సికింద్రాబాద్ వచ్చింది. అప్పటి నుంచీ బొల్లారంలో కాపురం, రాంగోపాల్‌పేట్‌లో బడి.

ఆమెకి ఒక గొప్ప ఉండేది. స్టాఫ్ మీటింగుల్లో పిల్లల్ని కొట్టే విషయం వస్తే, కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుని, "నేను ఇన్నేళ్ళలో ఒక్క పిల్ల మీద చెయ్యెత్తి ఎరగను" అనేది. అది నిజమే. ఆమె టేబుల్ మీద బెత్తం ఉండేది కాదు. రెండు మాటలు అంటే చాలు, పిల్లలు దారిలోకి వస్తారని ఆమె నమ్మకం. ఆ రెండు మాటలూ నవ్వొచ్చేలా అంటుంది. క్లాసంతా గొల్లుమని నవ్వుతుంది. అనిపించుకున్నవాడు తల దించుకుంటాడు, మిగతావాళ్ళు లెక్క చేస్తారు. పదో తరగతిలో లెక్కలు తప్పినవాళ్ళు ఆ బడిలో చాలా తక్కువ. పెద్దయ్యాక సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరినవాళ్ళు కొందరు టీచర్స్ డే నాడు ఫోన్ చేసి, "మీ భయంతోనే నేర్చుకున్నాం టీచర్" అంటే, ఆమెకి అది సన్మానంలా ఉండేది.

రెండు వేల ఇరవై మార్చిలో బడులు మూతపడ్డాయి. జులైలో స్కూలు కరెస్పాండెంటు తుకారాం ఫోన్ చేశాడు. "మేడం, సోమవారం నుంచి ఆన్‌లైన్ షురూ చేస్తున్నం. పెద్ద స్కూళ్ళన్నీ చేస్తున్నయి. మనం ఊకుంటే పిల్లలు వేరే తాన పోతరు" అన్నాడు. కాంతమణికి ఫోనులో మాట్లాడడం, పండగలకి ఫొటోలు పంపడం తప్ప ఇంకేమీ రాదు. కూతురు దేవిక ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తుంది. అప్పటికే పడకగదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పొద్దస్తమానం మీటింగుల్లో ఉంటోంది. ఆ పిల్లే తన పాత ల్యాప్‌టాప్ హాల్లో పెట్టి, ఎక్కడ నొక్కాలో కాగితం మీద రాసి గోడకి అంటించింది. సూరి బీరువా తలుపుకి చిన్న బోర్డు వేలాడదీశాడు. హోటల్ మూసేయడంతో ఆయనకీ ఇంట్లోనే కాలక్షేపం.

ఏడో తరగతిలో ముప్ఫై ఎనిమిది మంది. మొదటిరోజు ఇరవై ఇద్దరు వచ్చారు. వాళ్ళలో సగం మంది మొహాలు కనబడవు, నల్లటి గడుల్లో పేర్లు మాత్రమే. ఒకమ్మాయి సిగ్నల్ కోసం డాబా మెట్ల మీద కూర్చుంటుంది. ఒకడు పాఠం మధ్యలో, "టీచర్, నాన్న డ్యూటీకి పోతుండు, ఫోన్ ఇచ్చెయ్యాలె" అని చెప్పి మాయమైపోతాడు. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలకి ఒకటే ఫోను. బోర్డు వైపు తిరిగితే వెనక ఎవరేం చేస్తున్నారో తెలియదు. క్లాసులో అయితే వీపుతో కూడా పిల్లల్ని చూడగలనని అనుకునే మనిషి ఆమె. ఇక్కడ కళ్ళు విప్పుకున్నా ఏమీ కనబడటం లేదు. అందుకని గొంతు పెంచింది. కనబడనివాళ్ళకి కనీసం వినబడాలని.

పగలు ఫోను దొరకని పిల్లలు సాయంత్రం చూసుకునేలా పాఠాలన్నీ రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టమని తుకారాం చెప్పాడు. ఆ పని దేవిక చూసుకునేది. మూడు వారాలు అలాగే గడిచాయి. ఒక గురువారం మధ్యాహ్నం మాత్రం దేవికకి మీటింగ్ మీద మీటింగ్ పడింది. తలుపు సందులోంచి మొహం పెట్టి, "అమ్మా, ఇవాళ్టిది నువ్వే ఒకసారి మొత్తం చూడు. నాన్న బనీనుతో వెనక నుంచి వెళ్ళినట్టున్నారు. ఏ నిమిషంలోనో రాసి పెట్టు, ఆ ముక్క నేను కత్తిరిస్తా" అంది.

కాంతమణి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది.

ముందు ఆమెకి ఆ గొంతు ఎవరిదో అర్థం కాలేదు. పదునుగా, కాస్త ముక్కుతో, ప్రతి మాట చివరా విసుగు. వేరే టీచరు క్లాసేదో తెరిచానా అని తెర మీద చూసుకుంది. తన చీరే. తన బోర్డే. తన మొహమే, పెదవి ఒక పక్కకి లాగినట్టు ఉంది. పాఠం బాగానే సాగుతోంది. నిష్పత్తులు. "రెండు సంఖ్యల నిష్పత్తి మూడుకి నాలుగు. కలిపితే ఎనభై నాలుగు. చిన్న సంఖ్య ఎంత?" అని ఆ గొంతు అడిగింది. ఒకర్ని లేపింది, తప్పు చెప్పాడు. ఇంకొకర్ని లేపింది, రాలేదు. తర్వాత, "కల్పలతా, నువ్వు చెప్పు" అంది.

కల్పలత బడి ఉన్న వీధిలోనే ఉండే బ్రహ్మచారి అనే వడ్రంగి కూతురు. ఐదో తరగతి నుంచీ కాంతమణి దగ్గర లెక్కలు చదువుతోంది. నోరు తెరవని పిల్ల. లేపితే నిలబడుతుంది, కూర్చోమనేదాకా అలాగే ఉంటుంది. గడిలో ఆ పిల్ల మొహం స్పష్టంగా కనబడుతోంది. ఫోను దేనికో ఆనించి పెట్టినట్టున్నారు. వెనకాల చెక్కల మధ్య తండ్రి వంగుని చిత్రిక పడుతున్నాడు. కల్పలత తల వంచి ఫోను మీద ఏదో నొక్కింది. మళ్ళీ తలెత్తి చూసింది. ఎదురుచూస్తున్నట్టుగా చూసింది.

"ఏటే, అలా చూస్తావు? మీ నాన్న చెక్కిన పొట్టంతా తెచ్చి నీ బుర్రలోనే పోశాడా?" అంది కాంతమణి గొంతు.

గడుల్లో నవ్వులు. పదిమంది పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నారు. కల్పలత నవ్వలేదు, ఏడవలేదు. ఆ మొహం మీద ఏదో మూసుకున్నట్టయింది, అంతే. వెనక బ్రహ్మచారి చెయ్యి మాత్రం చిత్రిక మీద ఆగిపోయింది. ఆయన నడుం ఎత్తాడు. కాసేపు కూతురి వీపు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ముందుకొచ్చి చెయ్యి చాపాడు. ఆ గడి నల్లబడింది.

రికార్డింగులో పాఠం సాగిపోతోంది. ఆ గొంతు తర్వాతి లెక్క చెబుతోంది. పొద్దున తన కళ్ళ ముందే జరిగిన విషయం ఇది. ఆ మాట అనేసి తను బోర్డు వైపు తిరిగిపోయింది. నవ్వు వినబడితే క్లాసు హుషారుగా ఉందనుకుంది. కాంతమణి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుండిపోయింది.  సూరి టీ తెచ్చి పక్కన పెట్టి, "ఏటైంది? అలా అయిపోయావు?" అన్నాడు. ఆమెకి వినబడలేదు.

తర్వాత ఆమె మొన్నటి పాఠం తెరిచింది. అటు మొన్నటిది తెరిచింది. ఇడ్లీ బండి ఆయన కొడుకు బుర్రలో పిండి ఉంది. ఆటో నడిపే ఆయన కొడుక్కి రివర్స్ గేరు తప్ప ఇంకోటి పడదు. కుట్టు మిషను ఆవిడ కూతురికి తెలివి కత్తిరింపుల్లో పోయింది. అన్నీ తన మాటలే. ఇరవై నాలుగేళ్ళుగా అంటున్నవే, ఏటా పిల్లలు మారతారు కాబట్టి మాటలు మారక్కర్లేదు. కానీ ఇదివరకు గదికి నాలుగు గోడలు ఉండేవి. ఇప్పుడు అవే మాటలు ఆ పిండి రుబ్బే వంటింట్లోకి, ఆ కుట్టు మిషను పక్కకి నేరుగా వెళ్ళి పడుతున్నాయి. ఒక గడిలో ఎవరో తల్లి, చెయ్యి మాత్రమే కనబడుతోంది, కొడుకు తల నిమురుతోంది.

మీటింగ్ అయిపోయి దేవిక బయటికి వచ్చేసరికి తల్లి మొహం చూసి దగ్గరికొచ్చింది. "అమ్మడూ, ఆ పిల్ల ఫోనులో ఏదో నొక్కుతోంది. ఆటలాడుకుంటోందా?" అని అడిగింది కాంతమణి, ఆ ముక్క మళ్ళీ చూపించి. తనకి ఏ కొంచెమైనా ఆసరా దొరుకుతుందేమోనని అడిగింది.

దేవిక చూసి, "చాట్‌లో రాస్తున్నట్టుంది. ఏం రాసిందో చూశావా?" అంది.

"చాటంటే?"

దేవిక తల్లి వంక చూసింది. "మూడు వారాల్నించి ఒక్కసారీ చాట్ తెరవలేదా అమ్మా? మాట్లాడలేనివాళ్ళు అక్కడ రాస్తారు. కాగితం మీద రాశాను కదా, నాలుగో నంబరు."

దేవిక రికార్డింగు పక్కనే దాచి ఉన్న చాట్ ఫైలు తెరిచింది. పది నలభై రెండు, కల్పలత: 36 టీచర్. దాని కింద ఏమీ లేదు. మొన్నటి ఫైలు తెరిచారు. అందరికంటే ముందు కల్పలత జవాబు. అంతకు ముందు రోజుది. అక్కడా కల్పలతే. "టీచర్ ఇంకో పద్ధతి ఉన్నది చెప్పనా" అని ఒక రోజు. "టీచర్ నా మెసేజ్ వస్తుందా" అని ఇంకో రోజు. మూడు వారాలుగా ఆ పిల్ల ఆమెతో మాట్లాడుతూనే ఉంది.

కాంతమణి కుర్చీ వెనక్కి జరిపి లేచింది. గోడకి అంటించిన కాగితం దగ్గరికి వెళ్ళి నాలుగో నంబరు చదివింది. వెనక్కి తిరిగి, "దేవీ, నువ్వు చదివే రోజుల్లో కూడా నేనిలాగే అనేదాన్నా?" అని అడిగింది. దేవిక చదువుకున్నది ఆ బడిలోనే, తల్లి క్లాసులోనే.

దేవిక పక్కనున్న టీ కప్పు చేతిలోకి తీసుకుని, "నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు నువ్వు" అంది.

"మిగతావాళ్ళని?"

"అమ్మా, ఇప్పుడెందుకు?"

"చెప్పు."

"అనేదానివి. ఇంటర్వెల్లో వాళ్ళు నాతో మాట్లాడేవాళ్ళు కాదు. ఆరు, ఏడు, రెండేళ్ళూ నా బెంచీలో నేనొక్కదాన్నే కూర్చున్నా. నువ్వేమో దేవికకి ఏకాగ్రత ఎక్కువ, ఒంటరిగా కూర్చుని చదువుకుంటుందని నాన్నతో చెప్పేదానివి."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. ఎప్పుడో మానిపోయిన దెబ్బ గురించి చెప్పినట్టు చెప్పి, టీ చల్లారిపోయింది మళ్ళీ పెడతానని లోపలికి వెళ్ళింది. కాంతమణికి ఆ రోజు తగిలిన దెబ్బల్లో అదే పెద్దది. పరాయి పిల్లల సంగతి సరే, తన కంటి ముందు, తన పిల్ల, రెండేళ్ళు.

మర్నాడు పొద్దున్నే మాస్కు కట్టుకుని, బస్సులు లేకపోతే ఆటో మాట్లాడుకుని రాంగోపాల్‌పేట్ వెళ్ళింది. బ్రహ్మచారి షాపు స్కూలుకి నాలుగు ఇళ్ళ అవతల. ముందు వరండాలో పని, వెనక రెండు గదుల్లో కాపురం. ఆమెని చూసి ఆయన చేతిలో ఉలి కింద పెట్టి లేచాడు. స్టూలు తుడిచి ముందుకి జరిపాడు.

"కూసోండి మేడం."

కాంతమణి కూర్చోలేదు. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నిన్న నేనన్న మాట మీరు విన్నారు. నేను నిన్న మధ్యాహ్నం విన్నాను. నా మాట నేనే విన్నాను. చాలా తప్పు మాట. మీ అమ్మాయి చెప్పిన జవాబు కరెక్టే. నేను చూసుకోలేదు" అంది.

బ్రహ్మచారి స్టూలు మళ్ళీ ఒకసారి తుడిచాడు. అరిచినా బాగుండుననిపించింది ఆమెకి. ఆయన అరిచే మనిషి కాడు.

"మీతోని ఒక్క మాట చెప్తా మేడం. ఏమనుకోవద్దు" అన్నాడు. "మా పోరికి రెండేండ్ల సంది రోజు పొద్దుగాల కడుపునొప్పి. బడికి పోయే టైముకి షురూ అయితది. గాంధీ దవాఖానకు తీస్కపోయిన. స్కానింగులు తీపిచ్చిన. ఏం లేదన్నరు. మా అమ్మ దిష్టి తీసింది. తాయెత్తు కట్టిచ్చినం. తగ్గలే. బడి బంద్ అయినంక నొప్పి లేదు. నాలుగు నెలల సంది ఒక్కసారి సుత కడుపు పట్టుకోలే. మంచిగైందని దేవునికి కొబ్బరికాయ కొట్టిన."

ఆయన చేతికి అంటిన పొట్టు దులుపుకున్నాడు.

"నిన్న ఆ మాట ఇన్నంక నాకు సమజైంది."

కాంతమణి ఆసరాకి చెయ్యి చాపితే అక్కడ ఒక పాత బెంచీ ఉంది. దాని మీద కూర్చుంది. బ్రహ్మచారి నీళ్ళు తెమ్మని లోపలికి కేకేశాడు. తర్వాత మెల్లగా, "ఆ నొప్పి అబద్ధమని నేను సుత రెండుసార్లు కొట్టిన మేడం. మీరు మాట అన్నరు, నేను చెయ్యి చేసుకున్న. ఎవ్వరిని అనాలె ఇప్పుడు?" అన్నాడు.

నీళ్ళ గ్లాసు తెచ్చింది కల్పలతే. గుమ్మం దాకా వచ్చి, టీచర్ని చూసి, గ్లాసు గడప మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తండ్రి పిలిచినా రాలేదు. "పిలవకండి" అంది కాంతమణి. ఆ నీళ్ళు తనే వెళ్ళి తీసుకుని తాగింది.

సోమవారం క్లాసులో ఆమె బోర్డు వైపు తిరక్కముందే చెప్పింది. "గురువారం లెక్కకి జవాబు ముప్ఫై ఆరు. కల్పలత అందరికంటే ముందు చెప్పింది. నేను చాట్ చూడడం నేర్చుకోలేదు. తెలియనిది నాకే. అన్న మాటకి మీ అందరి ముందూ కల్పలతకి క్షమాపణ చెబుతున్నాను." పిల్లలు బిత్తరపోయారు. ఎవరూ నవ్వలేదు. కల్పలత గడి నల్లగా ఉంది. ఆ పిల్ల విందో లేదో తెలియలేదు. పాఠం చివర్లో మాత్రం చాట్‌లో ఒక జవాబు వచ్చింది, జవాబు మాత్రమే. పక్కన "టీచర్" అన్న మాట లేదు.

ఆ రోజు నుంచి కాంతమణి ప్రతి సాయంత్రం తన పాఠం తాను వినేది. అలవాటు ఒక్క రోజులో పోలేదు. మాట నోటి దాకా వచ్చి ఆగేది, ఒక్కోసారి సగం బయటికి వచ్చేసేది. అక్కడ రికార్డింగు ఆపి, తల పట్టుకుని కూర్చునేది. తుకారాం రెండుసార్లు ఫోన్ చేశాడు. "మేడం, మీ క్లాసు మెత్తగైందంట. పేరెంట్స్ ఫోన్లు చేస్తున్నరు. టీచర్ రెండు తిట్లు తిడితేనే మా వాడు సదువుతడు అంటున్నరు" అన్నాడు. నిజంగానే కొందరు మైకులు తెరిచి అల్లరి చేసేవాళ్ళు. హాజరు వేయించుకుని నిద్రపోయేవాళ్ళూ ఉండేవాళ్ళు. వాళ్ళని ఎలా లేపాలో ఆమెకి తెలియలేదు. తిట్టడం తప్ప ఇంకో పనిముట్టు తన దగ్గర ఎప్పుడూ లేదని ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది.

మరుసటి ఏడు సెప్టెంబరులో బడి తలుపులు తెరిచారు. అప్పటికి ఐటీ కంపెనీలు మనుషుల కోసం ఎగబడుతున్నాయి, దేవిక ఇంకో కంపెనీకి మారింది. ఇక్కడ ఎనిమిదిలోకి వచ్చిన ఆ ముప్ఫై ఎనిమిది మందిలో ఇరవై ఏడు మంది తిరిగొచ్చారు. కొందరు ఊళ్ళకి వెళ్ళిపోయారట. ఇద్దరు మోండా మార్కెట్లో కూరగాయల దగ్గర కూర్చుంటున్నారని ఎవరో చెబితే, కాంతమణి స్వయంగా వెళ్ళి ఒకడిని వెనక్కి తెచ్చింది. రెండోవాడు రాలేదు. వచ్చినవాళ్ళలో చాలామంది భిన్నాలు మరిచిపోయారు. అరగంట పెన్సిలు పట్టుకుని కూర్చోలేకపోతున్నారు. పక్కవాడితో కొట్టుకోకుండా ఉండడం, కలిసి తినడం, వరసలో నిలబడడం, ఇవన్నీ మళ్ళీ మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది. ఫోను పిల్లల్ని ఎంత వెనక్కి నెట్టిందో చూసి టీచర్లందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు.

కల్పలత వచ్చింది. చివరి బెంచీలో గోడ పక్కన కూర్చుంది. నోట్సు తెరిచి చూస్తే, క్లాసుకి చెప్పని లెక్కలు కూడా చేసుకుని ఉంది, తొమ్మిదో తరగతి పుస్తకంలోవి. ఇంట్లో ఒక్కతే కూర్చుని చేసుకుంది. కాంతమణి ఆ పిల్లని పేరు పెట్టి లేపలేదు. వారాలు గడిచాయి. కడుపునొప్పి మళ్ళీ వస్తోందా అని బ్రహ్మచారిని అడిగితే, "మొదటి వారం జెర వచ్చింది మేడం. నేను కొట్టలే. ఇంట్ల ఉంచిన. ఇప్పుడు వస్తలేదు" అన్నాడు.

దసరా సెలవులు అయిపోయిన వారంలో ఒక రోజు కాంతమణి బోర్డు మీద సమీకరణం చేస్తోంది. మూడో వరస రాసి నాలుగోది మొదలుపెట్టింది.

"టీచర్, అక్కడ మైనస్ రావాలె."

తిరిగి చూస్తే కల్పలత నిలబడి ఉంది. క్లాసంతా టీచరు మొహం వైపు చూసింది. టీచరు తప్పు ఎత్తి చూపినవాళ్ళు ఆ గదిలో ఇంతవరకూ లేరు. కాంతమణి మాత్రం తప్పు సంగతి ఆలోచించడం లేదు. నాలుగేళ్ళలో ఆ పిల్ల గొంతు వినడం ఆమెకి ఇదే మొదటిసారి. కాస్త బొంగురుగా, తండ్రి గొంతులా నెమ్మదిగా ఉంది. అంత మామూలు గొంతును ఇన్నేళ్ళు ఎలా వినకుండా ఉన్నానా అని అదిరిపడి, చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏ వరసలో?" అని అడిగింది చివరికి.

"మూడో దాంట్ల. అటు పక్కకి పోతే గుర్తు మారాలె కద."

కాంతమణి చూసింది. మారాలి. చేత్తోనే తుడిచి, మైనస్ గీత పెట్టి, కింది వరస మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.